సిస్టరమ్మ ఇచ్చిన గొడ్డలి

జూన్ ఒకటో తేదీ నుంచి నవంబరు ఆఖరు దాకా సిస్టరమ్మకి చచ్చిపోయే తీరిక కూడా ఉండదని మేము ఎగతాళి చేసేవాళ్ళం. అది తుఫానుల కాలం. అన్నట్టుగానే ఈ ఏడు కూడా ఆ కాలాన్ని పూర్తిగా సాగనంపి, డిసెంబరు మొదటి వారంలో, గాల్వెస్టన్‌లో తను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే ఆవిడ పోయారు. ఫోను పెట్టేశాక నేను గరాజ్‌లోకి వెళ్ళి, పాత పెయింటు డబ్బాల వెనక నుంచి గొడ్డలి బయటికి తీశాను. పిడికి కట్టిన ఎర్ర రిబ్బను రంగు వెలిసి గులాబీ అయింది. మా అయిదేళ్ళ పిల్ల వెనకే వచ్చి, "అమ్మా, అది ఎవరు ఇచ్చింది?" అని అడిగింది. ఆంటీ ఇచ్చిందన్నాను. "ఆంటీ ఎందుకు ఇచ్చింది? మనకి చెట్లు లేవు కదా" అంది. దాని ప్రశ్న సబబైనదే. దాదాపు పదేళ్ళ కిందట నేనూ అదే అడిగాను.

డెబ్భై తొమ్మిదిలో నేను కొత్త కాపురానికి గాల్వెస్టన్ వెళ్ళాను. టెక్సాస్ అడుగున సముద్రాన్ని ఆనుకుని సన్నగా పడుకుని ఉండే దీవి అది. మావారు అక్కడి మెడికల్ కాలేజీలో ఒక ల్యాబ్‌లో పనిచేసేవారు. నేను దిగిన వారానికి, ఇంకా అటుకుల డబ్బా ఎక్కడ పెట్టానో నాకే తెలియని రోజుల్లో, కిటికీలోంచి చూస్తే తెల్ల యూనిఫాం వేసుకున్న పొట్టి ఆవిడ ఒకరు మా గుమ్మం ముందు నిలబడి వేలితో ఏదో లెక్కపెడుతున్నారు. తలుపు తీశాను. ఆవిడ నన్ను చూడలేదు. కిందకి చూస్తూ, "ఒకటి, రెండు, మూడు. అంతేనా?" అన్నారు. అప్పుడు తలెత్తి, నా వెనక నిలబడ్డ మావారితో, "ఏవయ్యా తమ్ముడూ, కొత్త పెళ్ళాన్ని తెచ్చుకుంటా మూడు మెట్ల కొంప తీసుకున్నావేంటయ్యా?" అన్నారు. ఆ తరవాత లోపలికి వచ్చి, సంచీలోంచి కాగితం చుట్టిన పొడుగాటి వస్తువు తీసి నా చేతిలో పెట్టి, "ప్రభువు మీ ఇంటిని నిలబెట్టుగాక" అన్నారు. విప్పితే గొడ్డలి. ఎర్ర రిబ్బనుతో సహా.

పెళ్ళికి కుంకుమ భరిణెలూ, స్టీలు గిన్నెలూ, గోడ గడియారాలూ ఇచ్చిన వాళ్ళని చూశాను గానీ గొడ్డలి ఇచ్చిన మనిషిని చూడటం అదే మొదలు. మా అమ్మకి ఉత్తరం రాశాను. ఇనుమూ, అందులోనూ పదునుపెట్టిన ఇనుమూ చేతికిచ్చిందంటే ఆవిడ దృష్టి మంచిది కాదనీ, ఆదివారం పూట ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసుకోమనీ తెనాలి నుంచి జవాబు వచ్చింది. అది చేరే లోపలే ఆ గొడ్డలితో నేను రెండు కొబ్బరికాయలు కొట్టేశాను.

అప్పటికి దీవి మీదా, వంతెన దాటితే అవతలి ఒడ్డునా కలిపి పది పన్నెండు తెలుగు కుటుంబాలుండేవి. అందరి ఇళ్ళలోనూ సిస్టరమ్మ గొడ్డలి ఉంది. డాక్టరుగారింట్లో ఫైర్‌ప్లేస్ మీద పెట్టుకున్నారు. ఒకాయన మంచం కింద పెడితే భార్య హడలిపోయి తీయించింది. ఎందుకిస్తున్నారో ఆవిడ వివరంగా ఎవరికీ చెప్పేవారు కాదు. "నీళ్ళొచ్చినప్పుడు మీకే తెలుస్తాది" అనేవారు.

ఆవిడ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆసుపత్రిలో తెల్లవాళ్ళు ఇంటిపేరుని నానా హింసా పెట్టి పలికేవారు. మాకు సిస్టరమ్మ. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమలో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకుని, డెబ్భైల మొదట్లో ఒంటరిగా అమెరికా వచ్చిన మనిషి. నుదుటి మీద ఒక్క వెంట్రుక నిలవకుండా వెనక్కి దువ్వి ముడి వేసేవారు. కళ్ళజోడుకి తాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు మెట్లు లెక్కపెట్టేవారు, తరవాతే మనుషుల్ని పలకరించేవారు. పేరంటానికి పిలిచినా అంతే, పరామర్శకి వెళ్ళినా అంతే. మా ఇంటి మూడు మెట్లని ఆవిడ ఏనాడూ క్షమించలేదు. నేను వండిన కూరలో ఉప్పెక్కువైనా అది మెట్ల వల్లే అన్నట్టు మాట్లాడేవారు.

ఆవిడ ఫ్రిజ్ మీద ఒక సముద్రం మ్యాపు ఉండేది. సూపర్ మార్కెట్‌లో సరుకులతో పాటు ఉచితంగా ఇచ్చేదే. రేడియోలో తుఫాను పుట్టిందని చెప్పగానే ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవారు. పూటకొక చుక్క. ఆఫ్రికా పక్కన పుట్టిన గాలి ఎటు తిరిగి ఎక్కడ చచ్చిందో ఆవిడకి తెలిసినట్టు, మా చుట్టాల్లో ఎవరి పిల్ల ఎవరి ఇంటికి కోడలయిందో నాకు తెలియదు. జూన్ ఒకటిన తెల్లవారగానే అందరికీ ఫోను చేసేవారు. కుశలప్రశ్నలు ఉండవు. "రేడియోలో బ్యాటరీలు మార్చావా? నీళ్ళు పట్టుకోవడానికి బాత్‌టబ్బు కడిగి ఉంచావా? కార్‌లో పెట్రోలు సగం ట్యాంకు కంటే తక్కువ ఉందా?" ఉంది అంటే మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఫోను.

ఆదివారం సాయంత్రాలు ఆవిడ ఇంట్లో తెలుగు ప్రార్థన జరిగేది. మాది నోములూ వ్రతాలూ నడిచే ఇల్లు. అయినా నేను ఒక్క వారం తప్పలేదు. భక్తితో వెళ్ళానంటే ఆ ప్రభువే నవ్వుతాడు. పెరట్లో పండించిన గోంగూరలో రేవు దగ్గర అప్పుడే కొన్న రొయ్యలు వేసి ఆవిడ చేసే కూర కోసం వెళ్ళేదాన్ని. అందరూ కళ్ళు మూసుకుంటే నేను వంటింటి వాసన పీలుస్తూ ఓరకంట చూసేదాన్ని. సిస్టరమ్మ కళ్ళు కూడా తెరిచే ఉండేవి. కిటికీ వైపు చూస్తూ ప్రార్థించేవారు. "గాలిని, సముద్రమును గద్దించిన ప్రభువా" అని మొదలుపెట్టి, ఊళ్ళో రోగులందరి పేర్లూ చెప్పి, ఆమెన్ అన్న మరుక్షణం, "ఆ చివరింటి చూరు గట్టరు ఊగుతోంది, ఎవరైనా వెళ్ళి చెప్పండయ్యా" అనేవారు. ప్రార్థన చేస్తూ కూడా అదే చూస్తున్నారా అని నేను ఒకసారి దెప్పాను. "ప్రార్థన ప్రార్థనేనే, బ్యాటరీ బ్యాటరీయే" అన్నారు. ఆ మాట మా అందరి ఇళ్ళలోనూ సామెత అయిపోయింది.

ఎందరి కోసమో ప్రార్థించే ఆవిడ తన వాళ్ళ పేరు ఒక్కటీ ఎత్తేవారు కాదు. డెబ్భై ఏడు నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఆవిడకి చాలామంది పోయారని మాకు తెలుసు. అంతకు మించి తెలియదు. అంత జరిగాక మళ్ళీ సముద్రం ఒడ్డునే ఎందుకుంటున్నారని ఒకాయన అడిగితే, "ఎక్కడుందో కనపడతా ఉంటే ధైర్యం. కనపడని చోట నాకు నిద్ర పట్టదు" అన్నారు.

సిస్టరమ్మ గురించి చెబుతూ ఆవిడ ఎదురింటి మామ్మ గురించి చెప్పకుండా ఉండటం కుదరదు. మామ్మ అంటే తెల్లావిడ. ఆ దీవి మీదే పుట్టి, దీవి మీదే తొంభై దగ్గరికి చేరి, వంతెన అవతల ఉన్న ప్రపంచాన్ని పెద్దగా లెక్కచేయని మనిషి. సిస్టరమ్మ ఆమెని మొదటి రోజు నుంచీ మామ్మ అనే పిలిచారు. ఆమె ఆ పిలుపుకి పలకడం నేర్చుకుంది. రోజూ డ్యూటీ దిగి వస్తూ సిస్టరమ్మ ఆమె బీపీ చూసి, ఇంత సూప్ పెట్టి, ఆమె గన్నేరు మొక్కలకి నీళ్ళు పోసి తన ఇంటికి వెళ్ళేవారు. ఆ ఊళ్ళో ఎటు చూసినా గన్నేరే. ఉప్పు గాలికి ఓర్చుకునేది అదొక్కటేనట. బంధువులెవరూ రారు కదా, ఆమెకెందుకింత చాకిరీ అని నేను గొణిగితే, "నాలుగు మెట్లే ఉన్నాయే పాపం ఆ ఇంటికి" అనేవారు, అదేదో జబ్బు పేరైనట్టు.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను కూడా తీసుకెళ్ళారు. సిస్టరమ్మ అలవాటుగా మెట్లు లెక్కపెట్టి నాలుగు అనగానే, అరుగు మీద ఊగుడు కుర్చీలో కూర్చున్న మామ్మ నవ్వి, తొమ్మిది అంది. మిగతా అయిదూ మట్టి కింద ఉన్నాయి అంది. అప్పుడు చెప్పింది ఆ కథ.

పంతొమ్మిది వందల సంవత్సరంలో తుఫాను వచ్చి ఆ ఊరిని తుడిచిపెట్టినప్పుడు మామ్మకి ఎనిమిదేళ్ళు. సముద్రం ఇటు నుంచీ, వెనకున్న అఖాతం అటు నుంచీ వచ్చి ఊరి మధ్యలో కలుసుకున్నాయి. వేలమంది పోయారు. సముద్రం పక్కన ఉన్న ఇళ్ళు కూలి, ఆ దూలాలు వచ్చి వెనక ఇళ్ళని కొట్టి, అవి కూలి, అలా ఊరంతా ఒక పెద్ద కర్రల గుట్టగా మారింది. తరవాత బతికినవాళ్ళు పెద్ద గోడ కట్టుకున్నారు. ఇళ్ళని ఉన్నపళంగా జాకీలతో పైకి లేపి, కింద ఇసుక నింపి, ఊరు ఊరంతటినీ ఎత్తు చేసుకున్నారు. మామ్మ ఇంటిని మాత్రం లేపలేదు, చుట్టూ ఇసుక నింపారంతే, దాని అయిదు మెట్లూ ఆ ఇసుకలోకి పోయాయి.

"మీ ఇల్లు ఎలా నిలబడింది?" అని అడిగాను. మామ్మ కర్రతో తట్టి లోపలికి రమ్మని సైగ చేసి, హాల్లో పియానో పక్కన చెక్క నేల చూపించింది. నేలంతా ఒక రంగు, మధ్యలో చాటంత మేర వేరే రంగు చెక్కతో అతుకు. ఆ ఇళ్ళన్నీ ఇటుక స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు. కిందకి నీళ్ళు చేరితే ఇల్లు పడవలా లేచిపోతుంది, లేచిందంటే ముక్కలవుతుంది. అందుకని వాళ్ళ నాన్న తలుపులన్నీ బార్లా తెరిచి, గొడ్డలి తీసుకుని తను ముచ్చటపడి వేయించుకున్న నేలకి తనే కన్నం పెట్టాడు. నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. ఆ బరువుకి ఇల్లు కదలకుండా నిలబడింది. మేడమీద ఇరుగుపొరుగులతో కలిపి ముప్ఫై మంది తెల్లారే దాకా బతికి ఉన్నారు. ఆ గొడ్డలి ఇంకా వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. మా అందరి ఇళ్ళకీ వచ్చిన గొడ్డళ్ళ మూలం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

సిస్టరమ్మ ఈ కథ ఎన్నిసార్లు విని ఉంటారో. అయినా ఆ అతుకు దగ్గర వంగి, వేళ్ళతో అంచు తడుముతూ చాలాసేపు ఉండిపోయారు. ఇంటికొచ్చి రొయ్యలు వలుస్తూ, నేను అడక్కుండానే చెప్పారు.

"మా అన్నయ్య డాబా ఇల్లు కట్టాడే. ఊళ్ళో అదొక్కటే డాబా. నేనే పంపాను డబ్బు. తలుపు మాత్రం గట్టిది పెట్టించమని రాశాను. ఇక్కడ కూచుని నాకు అక్కడి దొంగల భయం. బందరులో చేయించాడు, టేకు తలుపు, ఇంత లావు ఇనప గడియ. ఆ రోజు సముద్రం వస్తందని అరుపులు వినపడగానే అమ్మనీ వదిననీ పిల్లల్నీ లోపలికి లాగి గడియ వేశాడు. వడ్ల బస్తాలు అడ్డం పెట్టాడు. పైకెక్కే మెట్లు బయటేపు ఉన్నాయి. తలుపు తీసి పైకి పోతే పోయేది. సముద్రం వేపు గోడ కూలిపోయింది. తాటిచెట్టెక్కి బతికిన పక్కింటాయన చెప్పాడు నాకు."

రొయ్య తల తుంచి పక్కన పడేశారు. ఆవిడ చేతులు ఆగలేదు.

"నేను వెళ్ళేతలికి మూడు గోడలు లేవు. తలుపు మాత్రం నిలబడే ఉంది. గడియ వేసే ఉంది."

మీ తప్పేముంది అన్నాను. అందరూ అనే మాటే అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "గోంగూర కడుగు" అన్నారు. ఆవిడకి ఆ క్షణంలో ఒక్క మంచి మాట చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకు చిరాకు.

ఎనభై మూడు ఆగస్టులో ఫ్రిజ్ మీద చుక్కలు మా వైపు తిరిగాయి. తుఫాను పేరు అలీసియా. నాకు ఏడో నెల. తుఫాను తాకే ముందు రోజు మధ్యాహ్నానికల్లా సిస్టరమ్మ వచ్చి మా కారు సర్దేశారు. నీళ్ళ డబ్బాలు, బ్రెడ్డు, పెళ్ళి ఫోటోలు, నా మందులు. నేను వద్దన్నా గొడ్డలి కూడా డిక్కీలో పెట్టారు. హ్యూస్టన్ అవతల మావారి స్నేహితుడి ఇంటికి మా ప్రయాణం.

"మీరూ ఎక్కండి" అన్నాను.

"మామ్మ ఎక్కితే నేనూ ఎక్కుతాను."

ముగ్గురం సిస్టరమ్మ వీధికి, మామ్మ ఇంటికి వెళ్ళాం. మామ్మ అరుగు మీదే ఉంది. గాలికి గన్నేరు కొమ్మలు అప్పటికే నేలకి వంగుతున్నాయి. వంతెన మూసేలోపు వెళ్ళాలని మావారు వాచీ చూసుకుంటున్నారు. సిస్టరమ్మ ముందు మెత్తగా చెప్పారు. మామ్మ తల అడ్డంగా ఊపింది. తరవాత నర్సు గొంతుతో చెప్పారు. బీపీ మిషన్ తెచ్చి కట్టి, ఎక్కువుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి అన్నారు. నిన్న కూడా ఇంతే చెప్పావు, నిన్న తుఫాను లేదు కదా అంది మామ్మ. సిస్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కాళ్ళకి బూట్లు తొడిగి లేసులు కట్టారు. కట్టినంతసేపూ ఊరుకుని, మామ్మ నెమ్మదిగా రెండో కాలితో మొదటి బూటు విప్పేసింది.

"అంత పెద్ద తుఫానుని ఒకదాన్ని చూశాను. రెండోదే వచ్చి నన్ను చూడనీ" అంది.

సిస్టరమ్మ ఆ విప్పిన బూటు చేతిలో పట్టుకుని, అంతదాకా మాట్లాడిన ఇంగ్లీషు మరిచిపోయి, "అమ్మా, నా మాట ఇనవే. లెగవే అమ్మా" అన్నారు. ఆవిడ నోట ఆ యాస అంత చిక్కగా నేనెప్పుడూ వినలేదు. మామ్మకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. చెయ్యి చాచి సిస్టరమ్మ తల మీద పెట్టి, నువ్వు వెళ్ళు అంది.

సిస్టరమ్మ లేచి కళ్ళజోడు తుడుచుకుని మా వైపు తిరిగి, మీరు బయల్దేరండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడో నెల కడుపుతో ఆ అరుగు మీద నిలబడి నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఎవరో ముసలావిడ మొండితనానికి మీరు బలి కావాలా అన్నాను. మీకేమైనా అయితే నా పురుడు ఎవరు పోస్తారన్నాను. స్వార్థమే, దాచుకోవడానికేం లేదు. ఆవిడ నా చెంప తట్టి, "ఈసారి నేను ఊళ్ళోనే ఉన్నాను కదే అమ్మాయ్" అన్నారు.

వంతెన మీద కారు వెళుతుంటే వెనక్కి తిరిగి చూశాను. వానలో దీవి కనపడలేదు.

తుఫాను దాటిన తరవాత రెండు రోజులు ఫోన్లు లేవు. స్నేహితుడి భార్య నాకు అన్నం కలిపి పెడుతుంటే నేను మాటిమాటికీ ఫోను ఎత్తి చూసేదాన్ని. మూడో రోజు ఇళ్ళు చూసుకోవడానికి వంతెన మీదుగా వదిలారు. దారి పొడవునా పైకప్పులు లేని ఇళ్ళు, వంగిన కరెంటు స్తంభాలు, రోడ్డు మీద ఎవరివో పరుపులు. మా మూడు మెట్ల ఇంట్లో నీళ్ళు వచ్చి తివాచీ కుళ్ళిపోతోంది. మేము ఆగలేదు. సిస్టరమ్మ వీధిలోకి తిరగ్గానే నేను కళ్ళు మూసుకున్నాను. మావారు, "ఉన్నారు, చూడు" అన్నారు.

అరుగుకి ఒకవైపు కటకటాలు లేవు. గన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి వీధికి అడ్డంగా పడుంది. ఇద్దరూ అరుగు మీద కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని ఒకే గిన్నెలోంచి ఉప్మా తింటున్నారు. సిస్టరమ్మ నన్ను చూసి మొదట అన్న మాట, "గతుకుల్లో ఎందుకొచ్చావే కడుపుతో" అని. నేను ఆవిడని పట్టుకుని ఏడ్చాను. ఉప్మా చాలా ఉడికిపోయి ముద్దయింది, అయినా రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఆ తరవాత హాల్లోకి వెళితే, పియానో పక్కన పాత అతుకుకి మూరెడు దూరంలో ఇంకో కన్నం. ఇదీ చాటంతే. అంచులు మాత్రం ఎలుకలు కొరికినట్టు ఉన్నాయి. వంగి చూస్తే కింద తడి ఇసుక. వీధిలోకి వచ్చిన నీళ్ళు మామ్మ ఇంటి మొదటి మెట్టు దగ్గర ఆగి వెనక్కి పోయాయట. అంటే ఆ కన్నంలోంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఒక చిన్న పీత మాత్రం వచ్చిందని మామ్మ చెప్పింది. నాకు నవ్వు ఆగలేదు. అంత మంచి నేలకి, నీళ్ళు రాని రాత్రి కన్నం కొట్టిన మనిషి సిస్టరమ్మ ఒక్కరే అయి ఉంటారు. ఆవిడ సిగ్గుపడి, "కార్పెంటర్‌ని పిలిపిస్తాను మామ్మా" అంటూ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడు మామ్మ నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు తలుపులన్నీ సిస్టరమ్మే తెరిచింది, వాన ఇంట్లోకి కొట్టింది. తరవాత గాలి తిరిగింది. మామ్మ గుమ్మంలో నిలబడి టార్చి వేసి చూస్తే, మొదటి మెట్టు మీది నీళ్ళు వెనక్కి తీసి మెట్టు బయటపడింది. ఈ దీవి మీద నీళ్ళు తీయడం మొదలైతే ఇక తిరిగి రావని మామ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. వెనక్కి తిరిగి ఆ మాట చెప్పబోయింది. చూస్తే సిస్టరమ్మ హాలు మధ్యలో నిలబడి వణుకుతోంది. ఎవరెవరినో పేర్లు పెట్టి పిలుస్తోంది.

"అప్పుడు వంటింట్లోకి వెళ్ళి మా నాన్న గొడ్డలి తెచ్చి ఇచ్చాను" అంది మామ్మ.

నీళ్ళు పోతున్నాయని తెలిసి కూడానా అన్నాను.

"ఆమెకి ఆ పని ఒకసారి చేయాల్సి ఉంది. ఏ ఇంట్లో అయితేనేం. నాకు నేల ఉంది కదా." ఈ సంగతి ఆమెకి చెప్పకు అంది.

నేను చెప్పలేదు. కడుపులో మాట దాచుకోవడం నా వల్ల కాదని మా వంశంలో అందరికీ తెలుసు, అయినా ఇది దాచాను. ఆ అక్టోబరులో నాకు పాప పుట్టినప్పుడు సిస్టరమ్మ మూడు రాత్రులు కుర్చీలోనే పడుకున్నారు. తరవాత వచ్చిన ఆదివారం ప్రార్థనలో, "గాలిని, సముద్రమును గద్దించిన ప్రభువా" అని మొదలుపెట్టి, రోగుల పేర్లన్నీ అయ్యాక ఆగారు. తరవాత వాళ్ళమ్మ పేరు చెప్పారు. అన్నయ్య పేరు, వదిన పేరు, ఒక్కొక్కరుగా నలుగురు పిల్లల పేర్లు. అప్పుడు నేను చూశాను, ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ రోజు రొయ్యల వాసన కూడా నాకు తెలియలేదు.

అలాగని మెట్లు లెక్కపెట్టడం మానలేదు. ఆ గుణం పుడకలతోనే పోవాలి అని మేము అనుకునేవాళ్ళం.

కార్పెంటర్‌ని మామ్మ రానివ్వలేదు. కన్నం మీద పలక ఒకటి వేయించి, దాని మీద చిన్న తివాచీ పరిచి, వచ్చినవాళ్ళందరికీ తివాచీ ఎత్తి చూపించేది. ఇది మా నాన్న కొట్టింది, ఇది మా అమ్మాయి కొట్టింది అని చెప్పేది. మా అమ్మాయి అన్నప్పుడల్లా సిస్టరమ్మ ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

ఎనభై ఆరులో మామ్మ నిద్రలో పోయింది. అప్పటికి మాకు డల్లాస్ వైపు ఉద్యోగం ఖాయమైంది, సామాన్లు కడుతున్నాం. సమాధి దగ్గర నుంచి వచ్చి సిస్టరమ్మ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. ఆవిడ చేతులు ఊరికే ఉండలేక రొయ్యలు ముందేసుకున్నారు. మామ్మ తన వీలునామాలో వాళ్ళ నాన్న గొడ్డలి ఆవిడకి రాసింది. అది బల్ల చివర ఉంది. నేను దాన్ని చూస్తూ ఇక ఉండబట్టలేకపోయాను. మూడేళ్ళు మోసింది చాలు, మామ్మ కూడా లేదు కదా అనిపించింది. చెప్పేశాను. ఆ రాత్రి నీళ్ళు తీస్తున్నాయని మామ్మకి ముందే తెలుసనీ, తెలిసే గొడ్డలి ఇచ్చిందనీ.

సిస్టరమ్మ తలెత్తలేదు. ఒక రొయ్య వలిచారు, ఇంకొకటి వలిచారు.

"నాకు తెలీదనుకున్నావా? మూడో దెబ్బకే చెక్క ఇరిగింది. వంగి చూశాను. కింద ఇసుక. నీళ్ళు లేవు."

"మరి?"

"అయినా కొట్టాను. ఇంకా పెద్దది చేశాను. ఆ కన్నంలో అమ్మ పట్టాలి, వదిన పట్టాలి, పిల్లలు పట్టాలి అనుకుంటా కొడతానే ఉన్నాను. చేతులు బొబ్బలెక్కినయ్." గిన్నె పక్కకి జరిపి, తడి చేతుల్ని ఒళ్ళో పెట్టుకున్నారు. "మామ్మ కూడా చూసిందే ఆ ఇసుక. నా పక్కనే నిలబడి ఉంది. చాల్లే, ఆపు అనొచ్చు. ఆవిడ నేలే కదా."

"ఏమీ అనలేదా?"

"లేదే. నేను ఆపేదాకా టార్చి పట్టుకునే ఉంది."